కార్డు ఏ తేదీ నుంచి పనిచేస్తుంది?

వీసా చేతికి రాగానే చాలామంది అడిగే మొదటి మాట, "అక్కడ వైద్యం ఫ్రీయేనా అండీ?" అని. ఫ్రీ ఎక్కడా లేదు. బ్రిటన్‌లో పన్నుల్లోంచి కడతారు, జర్మనీలో జీతంలోంచి కోస్తారు, అమెరికాలో కంపెనీ కొంత కట్టి మిగతాది మన నెత్తిన వేస్తుంది, స్విట్జర్లాండ్‌లో పసిపిల్లలతో సహా ఎవరి ప్రీమియం వాళ్లదే. ఇవన్నీ తెలుసుకోవడం మంచిదే. కానీ దిగిన మొదటి నెలలో హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు గురించి ఇంతకంటే అవసరమైన ప్రశ్నలు మూడున్నాయి. కార్డు ఏ తేదీ నుంచి పనిచేస్తుంది? ఆలోపు ఏమైనా అయితే ఎవరు కడతారు? కార్డు వచ్చాక కూడా ఏవేవి దానికి బయటే ఉంటాయి?

అమెరికాతో మొదలుపెడదాం, చిక్కంతా అక్కడే ఎక్కువ. ఉద్యోగంలో చేరిన రోజే ఇన్సూరెన్స్ మొదలవుతుందని అనుకోకండి. కొన్ని కంపెనీలు ఆ రోజు నుంచే ఇస్తాయి, కొన్ని మరుసటి నెల ఒకటో తారీకు నుంచి ఇస్తాయి, చట్టం ప్రకారం 90 రోజుల వరకు ఆపే వీలుంది. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడే హెచ్‌ఆర్‌ని తేదీ అడిగి ఈమెయిల్‌లో రాయించుకోండి. ఆలోపు రోజులకు చిన్నదైనా ప్రైవేటు పాలసీ ఉండాలి. ప్లాన్ ఎంచుకునే గడువు దాటిపోతే మళ్లీ ఏడాది చివర ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (అందరూ ప్లాన్ ఎంచుకునే రోజులు) దాకా ఎదురుచూడాల్సిందే. బిడ్డ పుడితే కంపెనీ ప్లానులో సాధారణంగా 30 రోజుల్లోపు పేరు చేర్చాలి. ఆస్పత్రిలో పుట్టిన వివరాలు రాసుకున్నారు కదా అని ఊరుకుంటే కుదరదు, ఇన్సూరెన్స్‌కు ఆ కబురు మీరే చెప్పాలి. భార్యో భర్తో వెనకాల వస్తుంటే, ఆ రాకను మీ ప్లాను ఏడాది మధ్యలో ఒప్పుకుంటుందో లేదో టికెట్ కొనకముందే కనుక్కోండి.

ఇక బిల్లు. ఒక లెక్క వేసి చూద్దాం. మీ ప్లానులో డిడక్టిబుల్ (ముందుగా మీరే కట్టాల్సింది) 2,000 డాలర్లు, కోఇన్సూరెన్స్ (ఆపైన బిల్లులో మీ వాటా) 20 శాతం, ఔటాఫ్‌పాకెట్ మాక్సిమమ్ (ఏడాదికి మీ వంతుకు పైహద్దు) 5,000 అనుకోండి. అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఆస్పత్రి 40,000 డాలర్ల బిల్లు వేసింది. ఆ అంకె చూసి గుండె ఆగనక్కర్లేదు. నెట్‌వర్క్ ఆస్పత్రి కాబట్టి ఇన్సూరెన్స్‌తో దానికి ముందే కుదిరిన ధర ఒకటి ఉంటుంది. అది 18,000 అనుకుంటే మిగతా 22,000 కొట్టేస్తారు, అది ఎవరూ కట్టరు. 18,000లో మొదటి 2,000 మీవి. మిగిలిన 16,000లో 20 శాతం అంటే 3,200. మొత్తం 5,200 కావాలి గానీ 5,000 దగ్గర మీ వంతు ఆగిపోతుంది. ఆపైన ఆ ప్లాను సంవత్సరమంతా నెట్‌వర్క్ లోపల కవరయ్యే వైద్యానికి మీరు పైసా కట్టక్కర్లేదు. చాలా ప్లాన్లకు ఈ మీటరు జనవరి 1న మళ్లీ సున్నాకి వస్తుంది. అందుకే డిసెంబరులో అయ్యే ఎమ్మారైని జనవరికి వాయిదా వేయడం చేతులారా డబ్బు పోగొట్టుకోవడమే. ఈ మాక్సిమమ్‌కి చట్టం పెట్టిన పైహద్దు 2025లో ఒక్కరికి 9,200, కుటుంబానికి 18,400 డాలర్లు. ప్రీమియం ఈ లెక్కలోకి రాదు, నెట్‌వర్క్ బయట పెట్టిన ఖర్చూ సాధారణంగా రాదు.

ఆస్పత్రి బిల్లు రాగానే కట్టేయకండి. ముందు ఇన్సూరెన్స్ నుంచి ఈవోబీ (ఎవరు ఎంత కట్టాలో చూపే లెక్క కాగితం) వస్తుంది, 'ఇది బిల్లు కాదు' అని దానిమీదే రాసి ఉంటుంది. అందులో 'మీరు కట్టాల్సింది' అన్న గడిలో ఉన్న అంకె, ఆస్పత్రి అడిగే అంకె ఒకటేనా చూడండి. తేడా ఉంటే ఐటమైజ్డ్ బిల్లు (దేనికెంతో విడివిడిగా రాసింది) అడగండి. క్లెయిమ్ తిరిగొచ్చిందంటే కారణం చాలాసార్లు వైద్యానికి సంబంధించింది కూడా కాదు. మనవాళ్లకు ముఖ్యంగా తగిలేది పేరు. ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే వీసాలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడటం, హెచ్‌ఆర్ ఒక రకంగా, క్లినిక్ రిసెప్షన్ ఇంకో రకంగా ఎక్కించడం. కార్డు మీద ఎలా ఉందో అక్షరం పొల్లు పోకుండా అలాగే క్లినిక్‌లో రాయించండి. రెండో కారణం, మీకు ఇంకో ఇన్సూరెన్స్ ఉందా అని అడుగుతూ వచ్చే ఉత్తరం. ప్రకటన కాగితమనుకుని చెత్తబుట్టలో వేస్తే, జవాబు వచ్చేదాకా క్లెయిములు ఆపేస్తారు. మూడోది, స్కానింగుకో ఖరీదైన మందుకో ముందస్తు అనుమతి తీసుకోకపోవడం.

ఏడాదికోసారి చేసే చెకప్ నెట్‌వర్క్‌లో ఉచితమే. కానీ ఆ గదిలోనే మోకాలి నొప్పి సంగతి ఎత్తారనుకోండి, డాక్టరు దాన్ని వేరే విజిట్‌గా కోడ్ చేయొచ్చు, అప్పుడు కోపేనో (విజిట్‌కింత అని కట్టేది) డిడక్టిబులో పడుతుంది. చెప్పొద్దనడం లేదు, బిల్లు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలని. ఎమర్జెన్సీలో గానీ, నెట్‌వర్క్ ఆస్పత్రిలో నెట్‌వర్క్ బయటి మత్తు డాక్టరు వచ్చినప్పుడు గానీ అదనంగా బాదకూడదని 2022 జనవరి 1 నుంచి చట్టం ఉంది. రోడ్డు మీద నడిచే అంబులెన్సుకు మాత్రం అది వర్తించదు. కోతపడిన వేలికి, జ్వరానికి అర్జెంట్ కేర్ క్లినిక్ చాలు. ఎమర్జెన్సీ రూమ్ గడప తొక్కితే అదే వైద్యానికి ఎన్నో రెట్లు పడుతుంది.

ఉద్యోగం పోతే కోబ్రా ఉంది, అంటే పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో కొనసాగించుకునే చట్టం, 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉన్న కంపెనీల్లో. ప్రీమియంలో కంపెనీ వాటా కూడా మీరే కట్టాలి, పైన 2 శాతం, సాధారణంగా 18 నెలల దాకా. నిర్ణయానికి 60 రోజులిస్తారు, ఎంచుకుంటే పాత ఇన్సూరెన్స్ ఆగిన రోజు నుంచే లెక్క. ఆ రెండు నెలల్లో కొత్త ఉద్యోగం వచ్చి, జబ్బేమీ చేయకపోతే కట్టకుండానే గట్టెక్కొచ్చు. ఏదైనా అయితే వెనకటి తేదీ నుంచి కట్టి తీసుకోవచ్చు. మార్కెట్‌ప్లేస్‌కూ (సొంతంగా ప్లాన్ కొనుక్కునే ప్రభుత్వ వేదిక) అదే 60 రోజుల కిటికీ, కానీ అది సాధారణంగా వెనక్కి వెళ్లదు.

బ్రిటన్ లెక్క సులువు, దెబ్బంతా ముందే. వీసా ఫీజుతో పాటు ప్రభుత్వ వైద్యం కోసం హెల్త్ సర్‌చార్జ్ మొత్తం కాలానికీ ఒకేసారి కట్టించుకుంటారు. 2024 ఫిబ్రవరి 6 నుంచి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకూ 18 ఏళ్లలోపు పిల్లలకూ 776. దంపతులు, ఇద్దరు పిల్లలు ఐదేళ్ల వీసా మీద వెళ్తే 18,110 పౌండ్లు, విమానం ఎక్కకముందే. ఇందులో కంపెనీ ఎంత భరిస్తుందో జీతం మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోండి. హెల్త్ అండ్ కేర్ వర్కర్ వీసా వాళ్లకు ఇది లేదు. దిగిన వారంలోనే జీపీ (మీ ప్రాంతంలో ముందుగా చూసే డాక్టరు) దగ్గర పేరు నమోదు చేసుకోండి, జబ్బు చేసేదాకా ఆగకండి. ఇంగ్లండ్‌లో అడ్రస్ రుజువు లేదన్న ఒక్క కారణంతో నమోదు కాదనకూడదు. స్పెషలిస్టు దగ్గరికి నేరుగా వెళ్లడం కుదరదు, జీపీ పంపాలి. అలా పంపిన 18 వారాల్లో వైద్యం మొదలవ్వాలన్న లక్ష్యం కాగితం మీద ఉంది, చాలామందికి అంతకంటే ఎక్కువే పడుతోంది. ఇంగ్లండ్‌లో మందుల చీటీలో ఒక్కో ఐటమ్‌కి 9.90 పౌండ్లు, స్కాట్లాండ్, వేల్స్‌లో అదీ లేదు. పళ్లు, కళ్లజోళ్ల ఖర్చు వేరే.

కెనడాలో కార్డిచ్చేది రాష్ట్రం, అందుకే నియమం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. బ్రిటిష్ కొలంబియాలో దిగిన నెలలో మిగిలిన రోజులు, ఆపైన ఇంకో రెండు నెలలు ఆగాలి. ఒంటారియో మూడు నెలల నిరీక్షణను 2020 మార్చిలో ఎత్తేసింది. కానీ ఒంటారియోలో అంతర్జాతీయ విద్యార్థులకు రాష్ట్ర కార్డు రాదు, కాలేజీ పెట్టే ప్లానే గతి. ఎక్కడైనా సరే డాక్టరు, ఆస్పత్రి వరకే. ఇంట్లో వేసుకునే మందులు, పళ్లు, కళ్లజోళ్లు చాలావరకు కంపెనీ బెనిఫిట్స్ మీద పడతాయి. షుగరు, బీపీ ఉన్నవాళ్లు ఉద్యోగం ఎంచుకునేటప్పుడు జీతంతో పాటు ఆ బెనిఫిట్స్ కాగితం కూడా చదవాలి.

జర్మనీలో ఒక నిర్ణయం తప్పు తీసుకుంటే ముసలితనం దాకా వెంటాడుతుంది. ప్రభుత్వ పద్ధతి ఇన్సూరెన్స్‌లో జీతంలో 14.6 శాతం, దానిమీద ఒక్కో సంస్థ వేసే అదనపు శాతం, రెండూ సగం మీరు సగం కంపెనీ. నెల జీతంలో ఒక హద్దు (2025లో 5,512.50 యూరోలు) వరకే కోత, ఆపైన జీతం పెరిగినా కోత పెరగదు. ఉద్యోగం లేని భార్యకో భర్తకో, పిల్లలకో అదనంగా ఏమీ కట్టక్కర్లేదు. ఏడాది జీతం ఒక హద్దు (2025లో 73,800 యూరోలు) దాటినవాళ్లు ప్రైవేటుకి మారొచ్చు. పాతికేళ్ల కుర్రాడికి ప్రైవేటు చవగ్గా, డాక్టరు త్వరగా దొరికేలా కనిపిస్తుంది. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక తలకో ప్రీమియం. 55 దాటాక వెనక్కి రావడం దాదాపు అసాధ్యం. కుటుంబం పెట్టుకుని అక్కడే ఉండే ఆలోచన ఉంటే ప్రభుత్వ పద్ధతే మేలు, ఇందులో తటపటాయింపు అక్కర్లేదు. విద్యార్థులు ఇంకో జాగ్రత్త పడాలి. చేరేటప్పుడు చవకని ప్రైవేటు తీసుకుని ప్రభుత్వ ఇన్సూరెన్స్ వద్దని సంతకం పెడితే ఆ చదువు పూర్తయ్యేదాకా ఆ సంతకం రద్దు కాదు.

స్విట్జర్లాండ్‌లో దిగిన మూడు నెలల్లోపు కొనాలి. ఎప్పుడు కొన్నా ప్రీమియం దిగిన రోజు నుంచే లెక్కిస్తారు కాబట్టి ఆలస్యం చేసి మిగిలేదేమీ లేదు.

ఆస్ట్రేలియాలో ప్రభుత్వ వైద్య పథకం మెడికేర్ ప్రధానంగా పౌరులకు, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వాళ్లకు. భారత్‌తో పరస్పర ఒప్పందం లేదు కాబట్టి వర్క్ వీసా, స్టూడెంట్ వీసా వాళ్లు ప్రైవేటు కవర్ కొనాల్సిందే. మెడికేర్ ఉన్నా అంబులెన్సు అందులో రాదు. క్వీన్స్‌లాండ్, టాస్మానియా వాసులకు ఆ రాష్ట్రాలే చూసుకుంటాయి, మిగతాచోట్ల విడిగా కవర్ తీసుకోవాలి. పీఆర్ వచ్చాక, 31 దాటినవాళ్లు మెడికేర్‌లో నమోదైన 12 నెలల్లోపు ప్రైవేటు హాస్పిటల్ కవర్ తీసుకోకపోతే, తర్వాత ఎప్పుడు తీసుకున్నా 30 పైబడిన ప్రతి ఏడాదికీ ప్రీమియం మీద 2 శాతం అదనం.

దుబాయ్‌లో ఉద్యోగి ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత, కుటుంబానిది మాత్రం స్పాన్సర్ చేసినవాళ్ల బాధ్యత, అంటే మీదే. సింగపూర్‌లో వర్క్ పర్మిట్, ఎస్ పాస్ వాళ్లకు కంపెనీ ఏడాదికి కనీసం 60,000 సింగపూర్ డాలర్ల కవర్ కొనాలి. ఎంప్లాయ్‌మెంట్ పాస్ వాళ్లకు ఆ నిబంధన లేదు. పెద్ద జీతమొచ్చే పాస్ కదా అని ధీమాగా ఉండి చివరికి ఏ కవరూ లేకుండా తిరిగేవాళ్లు వీళ్లే.

అమ్మానాన్నల సంగతి వేరే. అమెరికా వచ్చేటప్పుడు కొనే విజిటర్ ఇన్సూరెన్స్‌లో రెండు రకాలు. ఫిక్స్‌డ్ బెనిఫిట్ అంటే ఆస్పత్రి గదికి రోజుకింత, ఆపరేషన్‌కింత అని పట్టిక. అసలు బిల్లు పది రెట్లున్నా పట్టికలో ఉన్నదే ఇస్తారు. కాంప్రహెన్సివ్ ఖరీదెక్కువ, కానీ డిడక్టిబుల్ పోగా పాలసీ హద్దు వరకు బిల్లులో పెద్ద వాటా కడుతుంది. కొనేది ఇదే కొనండి. రెండింట్లోనూ పాత జబ్బులు బయటే. 'అక్యూట్ ఆన్‌సెట్' అని రాసి ఉంటే, పాత జబ్బు ఉన్నట్టుండి తిరగబెడితే ఇస్తారన్నమాట, అదీ గంటల్లోనే వైద్యం మొదలుపెట్టాలన్న షరతుతో, వయసును బట్టి తగ్గే హద్దుతో. నెలవారీ షుగరు మాత్రలు, ముందే అనుకున్న చెకప్‌లు అందులోకి రావు. అమ్మానాన్నలకు ఇచ్చే కెనడా సూపర్ వీసాకు కనీసం 1,00,000 కెనడా డాలర్ల కవర్, యూరప్‌లో చాలా దేశాలకు పనికొచ్చే షెంగెన్ వీసాకు 30,000 యూరోలు తప్పనిసరి. బ్రిటన్ విజిటర్లకు క్యాజువాల్టీలో చూపించుకోవడం ఉచితం. వార్డులో చేర్చుకున్న క్షణం నుంచి ఇంగ్లండ్‌లో మామూలు ధరకు 150 శాతం వసూలు చేస్తారు. 500 పౌండ్లు, అంతకుమించి బాకీ పడితే తర్వాతి వీసాకు అడ్డం.

ఇండియాలో కంపెనీ ఇచ్చిన గ్రూప్ పాలసీ మీరు రాజీనామా చేయగానే పోతుంది. పోయేలోపే దాన్ని అదే సంస్థలో సొంత పాలసీగా మార్చమని అడగండి, లేదా వేరేది కొనండి. మామూలుగా అది విదేశంలో పనికిరాదు. కానీ పాత జబ్బులకు 36 నెలల వరకు వెయిటింగ్ పెట్టొచ్చని ఇండియా నియమం. ప్రీమియం ఆపకుండా కడుతూ పోతే ఆ మూడేళ్లూ మీరు బయట ఉండగానే అయిపోతాయి, తిరిగొచ్చాక ఆగక్కర్లేదు.