ఆరు నెలల్లో జర్మన్ వస్తుందా? షిఫ్టుల్లో పనిచేసే నర్సుకు గంటల లెక్క

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. బీఎస్సీ నర్సింగ్ చేసి, హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పదో తరగతి దాకా పరకాల దగ్గర మా ఊళ్లో తెలుగు మీడియం. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, మాట్లాడాలంటే టెన్షన్. జర్మనీలో నర్సులకు మంచి జీతాలున్నాయని, ఆరు నెలల్లో బి2 (జర్మన్ భాషా స్థాయిల్లో ఏ1, ఏ2, బి1 తర్వాత వచ్చేది) గ్యారంటీ అని ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చెబుతున్నారు. ఉద్యోగం మానేసి చేరమంటున్నారు. మా పాపకు నాలుగేళ్లు, కార్టూన్లు చూసి హిందీ మాట్లాడేస్తోంది. మా అమ్మేమో ‘చిన్నప్పుడు రానిది ఇప్పుడెట్లొస్తది’ అంటోంది. నాకు ఈ వయసులో కొత్త భాష అంత తొందరగా వస్తుందా? రాజీనామా చేయమంటారా?

జవాబు: భాష వస్తుంది, అందులో అనుమానం పెట్టుకోకండి. ఎన్ని నెలల్లో అన్నది మాత్రం మీ వయసు చూసి చెప్పలేం, డ్యూటీ చార్టు చూసి చెప్పాలి. రాజీనామా ఇప్పుడే వద్దు. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

ముందు అమ్మగారి మాట. అందులో కొంత నిజముంది. యాస విషయంలో చిన్నపిల్లలతో పెద్దవాళ్లు పోటీ పడటం కష్టం. వ్యాకరణంలోనూ వయసు ప్రభావం ఉంటుంది. సుమారు 6.7 లక్షల మంది రాసిన ఇంగ్లీషు పరీక్షను పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. వ్యాకరణాన్ని తేలిగ్గా పట్టేసే శక్తి 17, 18 ఏళ్ల వరకు బాగా ఉండి, ఆ తర్వాత తగ్గుతుందని అందులో తేలింది. తగ్గుతుందన్నారు గానీ పోతుందని అనలేదు. పైగా అక్కడ లెక్క పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషు మాట్లాడేవాళ్లతో సమానం కావడం గురించి. జర్మన్ వార్డులో పనిచేయడానికి మీకు అంత అవసరం లేదు.

మొదటి ఏడాది వేగం సంగతికొస్తే లెక్క తిరగబడుతుంది. 1970లలో నెదర్లాండ్స్‌కు వచ్చి డచ్ నేర్చుకుంటున్న ఇంగ్లీషు కుటుంబాలను పరిశోధకులు ఏడాది పాటు గమనించారు. మొదటి నెలల్లో ముందున్నది 12 నుంచి 15 ఏళ్ల పిల్లలూ, పెద్దవాళ్లూ. అందరికంటే వెనకబడింది 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు, అంటే మీ పాప వయసువాళ్లు. మీ పాప హిందీ బాగానే మాట్లాడుతుండొచ్చు. కానీ అది నాలుగేళ్ల పాపకు సరిపడే హిందీ. పాపను ఎవరూ డిశ్చార్జి సమ్మరీ చదివి వినిపించమని అడగరు, రోజుకు ఎన్ని గంటలు వింటున్నావని లెక్కా అడగరు. మీరు నాలుగు గంటలు కూర్చుని టీవీ చూస్తే ఇంట్లో ఊరుకుంటారా?

పెద్దయ్యాక భాష రాదనేవాళ్లు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఒకసారి వెళ్లి చూడాలి. తెలుగు తప్ప మరో ముక్క రాకుండా పాతికేళ్లు దాటాక దుబాయ్‌కో మస్కట్‌కో వెళ్లినవాళ్లు క్యాంపులో హిందీ, సైట్లో పనికి సరిపడా అరబ్బీ నేర్చుకున్నారు. వాళ్లకు ఎవరూ క్లాసు చెప్పలేదు. కానీ ఆ అరబ్బీలో ఒక దరఖాస్తు రాయమంటే చాలామంది చేతులెత్తేస్తారు, ఆ అవసరం వాళ్లకు రాలేదు కాబట్టి. మీకు మాత్రం వస్తుంది. జర్మనీలో పూర్తి స్థాయి నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 అడుగుతారు. మాట్లాడటం, వినడం, చదవడం, రాయడం నాలుగూ చూపించాలి. పని గడిచే భాష, పరీక్ష పాసయ్యే భాష వేర్వేరు సరుకులు. మీ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మొదటిది చూపించి రెండోది అమ్ముతున్నారేమో చూసుకోండి.

ఇక గంటలు. బి2 అందుకోవడానికి సున్నా నుంచి మొదలుపెడితే 600 నుంచి 800 పీరియడ్లు పడతాయని, జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే జర్మనీ సంస్థ గోథె ఇన్‌స్టిట్యూట్ అంచనా. పీరియడ్ అంటే 45 నిమిషాలు. అంటే క్లాసులోనే 450 నుంచి 600 గంటలు. ఇంటి దగ్గర చదువు దీనికి అదనం. నా అనుభవంలో క్లాసుకు దాదాపు సమానంగా ఇంట్లోనూ కూర్చున్నవాళ్లే గట్టెక్కుతున్నారు. అంటే మొత్తం వెయ్యి గంటల పని అనుకోండి.

అమెరికా ప్రభుత్వం తన దౌత్య ఉద్యోగులకు జర్మన్ నేర్పడానికి 30 నుంచి 36 వారాలు కేటాయిస్తుంది. వాళ్లకు ఇంగ్లీషు మాతృభాష, అది జర్మన్‌కు దగ్గర చుట్టం. రోజంతా క్లాసే వాళ్ల డ్యూటీ, నేర్చుకున్నందుకు జీతం కూడా వస్తుంది. అంత సౌకర్యంగా కూర్చున్నవాళ్లకే ఏడెనిమిది నెలలు ఇస్తుంటే, ఇక్కడ ఆరు నెలలకు గ్యారంటీ ఎలా ఇస్తున్నారో వాళ్లనే అడగాలి. (దౌత్యవేత్తలకు కావాల్సిన స్థాయి బి2 కంటే కాస్త ఎక్కువే, అది ఒప్పుకుంటాను.)

మీ లెక్క చూద్దాం. ఉద్యోగం, పాప, ఇల్లు పోను నిక్కచ్చిగా రోజుకు గంటన్నర దొరుకుతుందనుకుందాం. ఆరు నెలలకు 270 గంటలు. దాంతో ఏ2 దాకా వస్తారు, అది చిన్న విషయమేం కాదు. ఉద్యోగం మానేసి రోజుకు ఏడు గంటలు, వారానికి ఆరు రోజులు కూర్చుంటే ఆరు నెలల్లో వెయ్యి దాటుతుంది. కాబట్టి ఆరు నెలల్లో బి2 అన్నది పచ్చి అబద్ధం కాదు. పెళ్లికాని, హాస్టల్లో ఉండి చదివే 22 ఏళ్ల అమ్మాయి ఒక్క రోజూ పోగొట్టకుండా చదివితే సాధ్యమే. అందరికీ అని చెప్పడం తప్పు.

మీరు తక్కువ చేసుకుంటున్న విషయం ఒకటుంది. మీరు వార్డులో పేషెంట్‌తో తెలుగు, వాళ్ల అటెండెంట్‌తో ఉర్దూ కలిసిన హిందీ, కేస్ షీట్‌లో ఇంగ్లీషు వాడుతున్నారు. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మారడం మీకు రోజూ ఉన్న పనే. శరీర భాగాల్లో హాండ్, ఫింగర్, ఆర్మ్ జర్మన్‌లోనూ అవే. వాక్య నిర్మాణంలో కొంత మన దారిలోనే నడుస్తుంది: ‘ఎందుకంటే’ అని మొదలయ్యే భాగంలో క్రియ చివరికి పోతుంది. ‘వైల్ ఇష్ హొయ్‌టె నాఖ్ట్‌డీన్‌స్ట్ హాబె’ అంటే ‘ఎందుకంటే నాకు ఈ రోజు నైట్ డ్యూటీ ఉంది’. హాబె చివర్లో కూర్చుంది, మన ‘ఉంది’ లాగే. ఇంగ్లీషు మీడియం వాళ్లు ఇక్కడ తడబడుతుంటారు. అసలు చిక్కు నామవాచకం ముందు లింగాన్ని బట్టి వచ్చే డెర్, డీ, డాస్‌తో. ప్రతి నామవాచకాన్నీ దాని లింగంతో కలిపి బట్టీ కొట్టాల్సిందే, వేరే దారి నాకు కనిపించలేదు.

మన వైపు పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది వినడం దగ్గర, మాట్లాడటం దగ్గర. ఫోన్లో యాప్ పెట్టుకుని రోజూ పచ్చ టిక్కులు చూసుకుంటారు, నోరు మాత్రం విప్పరు. బి1 పరీక్షలో మాట్లాడే భాగం సాధారణంగా ఇద్దరిని కూర్చోబెట్టి పెడతారు. ఇద్దరూ కలిసి ఒక పని ప్లాన్ చేయాలి, ఒక విషయం మీద చిన్న ప్రసంగం ఇవ్వాలి, ఎదుటివాళ్ల ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఒంటరిగా చదివినవాళ్లకు అక్కడ గొంతు పెగలదు. అందుకే మొదటి వారమే మీ బ్యాచ్‌లో ఒక జోడీని వెతుక్కోండి. వారానికి మూడుసార్లు ఇరవై నిమిషాలు ఫోన్లో జర్మన్ మాత్రమే మాట్లాడుకోవాలి, తప్పులొచ్చినా సరే.

వార్డునే క్లాసు చేసుకోండి. బెడ్ దగ్గర మీరు రోజూ అడిగే మాటలు మూడు: నొప్పి ఉందా, ఎక్కడ, ఎప్పటి నుంచి. ‘హాబెన్ జీ ష్మెర్ట్‌సెన్?’, ‘వో టూట్ ఎస్ వే?’, ‘జైట్ వాన్?’ పేషెంట్‌ను తెలుగులోనే అడగండి, పక్క బెడ్‌కు నడుస్తూ అదే మాట జర్మన్‌లో లోపల అనుకోండి. వారం తిరిగేసరికి ఆ మూడూ నాలుక మీదికి వస్తాయి. తర్వాత బీపీ, జ్వరం, మందుల వేళలు కలపండి. డ్యూటీ అప్పగించేటప్పుడు ఏం చెబుతారో, ఇంటికొచ్చాక ఒక్క పేషెంట్ గురించి రెండు నిమిషాలు (పేరు లేకుండా) ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. మొదట్లో మీ గొంతు మీకే నవ్వొస్తుంది. నైట్ డ్యూటీ దిగిన రోజు వ్యాకరణం ముట్టుకోకండి, ఎక్కదు. పడుకుని లేచాక ఆడియో వింటే చాలు.

నా సలహా ఇది. ఏ1, ఏ2 ఉద్యోగం చేస్తూనే ఆన్‌లైన్ బ్యాచ్‌లో ఆరేడు నెలల్లో ముగించండి. జీతం ఆగదు, ఈ భాష మీకు నచ్చిందో లేదో కూడా తెలుస్తుంది. ఏ2 పరీక్ష పాసైతే అప్పుడు ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని, నాలుగైదు నెలలు సెలవో రాజీనామానో పెట్టి బి1, బి2 ఫుల్‌టైమ్ చేయండి. మొత్తం దాదాపు ఏడాది పడుతుంది. హైదరాబాద్‌లో గోథె జెంట్రుమ్, దోమలగూడ రామకృష్ణ మఠం భాషల సంస్థ లాంటివి ఉన్నాయి. కాజీపేట నుంచి రైల్లో రెండు గంటల దూరమే అయినా రోజూ తిరిగే ఆలోచన పెట్టుకోవద్దు, ఆ నాలుగు గంటలు చదువులోంచే పోతాయి. గోథె బి1, బి2 పరీక్షల్లో ఒక్కో భాగానికి నూటికి 60 రావాలి. ఒక భాగం పోతే అదొక్కటే మళ్లీ రాసుకోవచ్చు కాబట్టి మొదటిసారే అన్నీ రావాలన్న భయం అక్కర్లేదు.

బి2 చేతికొచ్చాక కూడా గడగడా మాట్లాడేస్తానని అనుకోకండి. బవేరియా పల్లెటూరి తాతగారు తన యాసలో ఏదో అంటే మొదటి నెలల్లో తెల్లమొహం వేస్తారు. అది మామూలే. అక్కడే ఉంటూ పనిచేస్తుంటే సర్దుకుంటుంది.

బి2 మొత్తం ఇక్కడే ముగించాలన్న నియమం కూడా అన్ని దారుల్లో లేదు. జర్మన్ ప్రభుత్వ సంస్థలు నడిపే ట్రిపుల్ విన్ పథకంలో కేరళ నర్సులు ఇక్కడ బి1 వరకు నేర్చుకుని, మిగతాది అక్కడ పనిచేస్తూ పూర్తిచేస్తున్నారు. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ నర్సింగ్ ఉద్యోగాలకు, భాషా శిక్షణకు ప్రకటనలు ఇస్తుంటుంది. ప్రైవేటుకు డబ్బు కట్టేముందు అక్కడ ఒకసారి కనుక్కోండి. జపాన్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. మన వాక్యం, వాళ్ల వాక్యం దాదాపు ఒకే వరుసలో నడుస్తాయి గానీ లిపి దగ్గర ఏళ్లు పడతాయి. జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో మాట్లాడే భాగమే లేదు కాబట్టి అందులో ఎన్4 స్థాయి సర్టిఫికెట్ చూసి భాష వచ్చేసిందనుకోవద్దు.

చివరిగా ఆ ఇన్‌స్టిట్యూట్. వాళ్లను మూడు విషయాలు అడగండి. పరీక్ష ఎవరు పెడతారు? గోథె, టెల్క్, ఓఎస్‌డీ లాంటివి కాకుండా ‘మా సర్టిఫికెట్ చాలు’ అంటే లేచి వచ్చేయండి. గ్యారంటీ అన్నారు కదా, ఫెయిలైతే ఎంత వాపసు ఇస్తారో కాగితం మీద రాసిస్తారా? ఉద్యోగం కూడా వాళ్లే ఇప్పిస్తామంటే, విదేశీ ఉద్యోగాల ఏజెంట్లు నమోదయ్యే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? రిజిస్టరైన ఏజెంటు సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ వరకే తీసుకోవాలి. కొందరు మిగతాదంతా ‘భాషా శిక్షణ ఫీజు’ పేరుతో కలిపేస్తారు, కాబట్టి రెండింటికీ వేర్వేరు రసీదులు అడగండి. మీ డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఒరిజినల్స్ తమ దగ్గరే ఉంచుకుంటామంటే మాత్రం ఆ మెట్లు మళ్లీ ఎక్కకండి.