అయస్కాంతానికి అంటని నల్లరాయి ఇనుప ఖనిజమేనా?

మీకు దొరికిన నల్లరాయి బరువుగా, ఉక్కులా మెరుస్తోందనీ, అయస్కాంతం అంటుకోవడం లేదు కాబట్టి ఇందులో ఇనుము లేనట్టేనా అనీ అడిగారు. అలా అనుకోనక్కర్లేదండీ. అయస్కాంతాన్ని గట్టిగా లాగేది మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం. హెమటైట్ కూడా ఇనుప ఖనిజమే, కానీ అయస్కాంతానికి దాదాపు స్పందించదు.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గోడ టైల్ ముక్కను తిరగేసి, నునుపు పూత లేని వైపు రాయితో గట్టిగా గీయండి. పైకి ఎంత నల్లగా ఉన్నా హెమటైట్ గీత ఎర్రమట్టి రంగులోనే పడుతుంది. పసుపు కలిసిన గోధుమరంగు వస్తే గోథైట్ కావచ్చు, అదీ ఇనుప ఖనిజమే. నల్లగీత పడి, అయస్కాంతమూ అంటకపోతే మాత్రం మాంగనీసు ఖనిజమేమో చూడాలి. నా దృష్టిలో రంగు, మెరుపు చూసి చెప్పడం కంటే ఈ గీత నయం.

స్వచ్ఛమైన హెమటైట్‌లో బరువులో 70 శాతం ఇనుమే, నీటికంటే ఐదు రెట్లు బరువు. విశాఖ ఉక్కు కర్మాగారానికి ఛత్తీస్‌గఢ్‌లోని బైలాడిలా గనుల నుంచి వచ్చేది ఇదే. అరుగులకు పూసే ఎర్రజాజుకు ఆ రంగు కూడా దీనివల్లే.

అన్నట్టు, 'మాగ్నెటిక్ హెమటైట్' పేరుతో అమ్మే పూసలు సాధారణంగా ఫ్యాక్టరీలో చేసిన ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థం. వాటితో పోల్చి టెన్షన్ పడకండి.