అత్తగారి వైద్యం డబ్బు మందిరానికి ఇచ్చేశారు, అడిగితే నాకు విశ్వాసం లేదంటున్నారు

ప్రశ్న: మా అత్తగారు పక్షవాతంతో మంచం పట్టారు. స్నానం, భోజనం, రాత్రిళ్లు పక్క మార్చడం అన్నీ నేనే చూసుకుంటున్నాను. మావారు ఆఫీసు నుంచి రాగానే ప్రార్థన కూటానికి వెళ్లిపోతారు. ఫిజియోథెరపీ కోసం ఇద్దరం కలిసి దాచిన డబ్బును నాకు మాటమాత్రమైనా చెప్పకుండా మందిర నిర్మాణానికి ఇచ్చేశారు. అడిగితే, ‘రెండు కాసులు వేసిన విధవరాలిని చూసి నేర్చుకో, నీకు త్యాగం తెలియదు’ అన్నారు. ఒక్కోసారి అత్తగారి మీద విసుక్కుంటాను, తర్వాత బాత్రూంలోకి వెళ్లి ఏడుస్తాను. నాలో నిజంగానే విశ్వాసం లేదా?

జవాబు: అమ్మా, మీలో విశ్వాసం ఉంది. లేనిది నిద్ర, తోడు.

మీవారు చెప్పిన విధవరాలి దగ్గరికే వెళదాం. మార్కు సువార్త 12వ అధ్యాయంలో యేసు ప్రభువు కానుక పెట్టెకు ఎదురుగా కూర్చుని, జనం డబ్బులు ఎలా వేస్తున్నారో చూస్తుంటారు. ధనవంతులు ఎక్కువెక్కువ వేస్తారు. ఆమె రెండు కాసులు వేస్తుంది. అందరికంటే ఆమే ఎక్కువ వేసిందని ఆయన శిష్యులను పిలిచి మరీ చెప్తారు. ఆ రెండు కాసులూ ఆమె సొంతం. ఇంకొకరి మందుల కోసం దాచినవి అని కానీ, వేయమని ఎవరో బలవంతపెట్టారని కానీ అక్కడ లేదు. సరిగ్గా దానికి ముందు వచనం కూడా మీవారితో చదివించండి. విధవరాండ్ర ఇళ్లు దిగమింగుతూ, పైకి మాత్రం దీర్ఘ ప్రార్థనలు చేసే శాస్త్రులకు, అంటే ఆనాటి ధర్మశాస్త్ర బోధకులకు, ఎక్కువ శిక్ష పడుతుందని ప్రభువు చెప్పిన మాట అది.

మీ ఇంట్లో జరిగినదానికి ఇంకా దగ్గరగా ఉన్నది అదే సువార్త 7వ అధ్యాయం. తల్లిదండ్రులకు ఖర్చు పెట్టాల్సిన సొమ్మును ‘కొర్బాను’, అంటే దేవునికి అర్పించేశాను అని చెప్పేస్తే, ఇక వాళ్లకు ఏమీ చేయకపోయినా ఫర్వాలేదని ఆనాటి పెద్దలు ఆచారం పెట్టుకున్నారు. ప్రభువు దాన్ని కాస్త కూడా సహించలేదు. ‘తల్లిదండ్రులను ఘనపరచు’ అన్న దేవుని ఆజ్ఞనే మీరు కొట్టేస్తున్నారని ముఖం మీదే అన్నారు. సిలువ మీద ప్రాణం పోతున్న వేళ కూడా ఆయన తల్లిని మరిచిపోలేదు, తాను ప్రేమించిన శిష్యుడికి అప్పగించారు. ఆ శిష్యుడు ఆమెను తన ఇంటికి తీసుకెళ్లాడని యోహాను రాశాడు.

అందుకే నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తున్నాను. మీవారు ఇచ్చిన డబ్బు ఆయన ఒక్కరి త్యాగం కాదు. అందులో ఆయన తల్లి చెయ్యి, కాలు మళ్లీ కదిలే అవకాశం ఉంది, మీ కష్టం ఉంది. ‘నా ప్రాణాన్ని ఎవరూ తీసుకోరు, నా అంతట నేనే పెడుతున్నాను’ అన్నారు ప్రభువు. ఎవరి త్యాగం వాళ్లు మనసారా చేయాలి, ఒకరి తరఫున ఇంకొకరు చేసేది కాదు.

ఇక మీ విసుగు గురించి. రాత్రంతా లేచి పక్క మార్చే మనిషికి ఓపిక నశించడం పాపం కాదు. గెత్సేమనే తోటలో ‘ఈ గిన్నె నా యొద్ద నుండి తొలగిపోనిమ్ము’ అని, అంటే రాబోయే బాధను తప్పించమని, ప్రభువే అడిగారు. పైగా ‘నాతో కూడా మెలకువగా ఉండండి’ అని స్నేహితులను తోడు కోరారు. తోడు కోరడం ఆయనకే తప్పు కానప్పుడు మీకెందుకు తప్పవుతుంది?

మీవారిని దుర్మార్గుడని నేను అనుకోవడం లేదు. కన్నతల్లి అలా మంచంలో పడి ఉండటం చూడలేక కూటానికి పారిపోతున్నారేమో. అలాంటి కొడుకులు చాలామంది ఉంటారు, డబ్బు ఇవ్వడం వాళ్లకు తేలిక, తల్లి పక్కన కూర్చోవడం కష్టం. కాబట్టి వాక్యాలతో ఆయన్ని ఓడించాలని చూడకండి. ఇద్దరూ ప్రశాంతంగా ఉన్న సమయంలో, ‘నా ఒక్కదాని వల్ల కావడం లేదు, నాకు భయంగా ఉంది’ అని మొదలుపెట్టండి. వారంలో ఏయే సాయంత్రాలు ఆయన అమ్మ దగ్గర ఉంటారో, ఏ రాత్రి పక్క మార్చే పని ఆయనదో అక్కడే తేల్చుకోండి. మందిరానికి ఇచ్చింది తిరిగి రాకపోవచ్చు. ఇకమీదట వైద్యానికి వేరే ఖాతా తెరిచి, ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు తీసేలా పెట్టుకోండి. ఆయన వినకపోతే మీ పాస్టరుగారికి జరిగింది జరిగినట్టు చెప్పండి. నిజాయితీ గల పాస్టరు ఎవరైనా ఇలాంటి కానుక గురించి తెలిస్తే తప్పకుండా ఆలోచిస్తారు.

ఫిజియోథెరపీ మాత్రం ఆగకూడదు. పక్షవాతం వచ్చిన తొలి నెలలు చాలా విలువైనవి, కదలిక లేకపోతే కీళ్లు బిగుసుకుపోతాయి. డబ్బు సమకూరేదాకా ఇంట్లో చేయించదగ్గ వ్యాయామాలు ఏవో డాక్టరును అడిగి రాయించుకోండి, అవి చేయించే పద్ధతి మీవారికి కూడా నేర్పించమనండి. ఏడుపు ఆగకపోయినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయకుండా మీరూ డాక్టరుకు చూపించుకోండి.