గింజల బ్యాంకు పెడుతున్న బిడ్డకు

బిడ్డా,

మీ సంఘంలో గింజల బ్యాంకు పెడుతున్నారని తెలిసింది, సంతోషం. పంటప్పుడు తలా కొంత తిండి గింజ పోసి, లోటు నెలల్లో అప్పుగా ఇచ్చుకోవడమే కదా అది. గింజలు పోగుచేసే ముందు ఏ ఇంట్లో ఎంత లోటుందో లెక్క తీయండి. కూలికి పోయే ఐదుగురున్న ఇంటికి రోజుకు రెండు కిలోల గింజ కావాలి, అంటే నెలకు 60. మన తెలంగాణలో రేషను తలకు 6 కిలోలు, కాబట్టి వచ్చేది 30. ఇంట్లో ఐదుగురుండి, కోడలి పేరు, పసిదాని పేరు కార్డుకు ఎక్కకపోతే వచ్చేది 18 కిలోలే. ముందు ఆ ఇళ్లు రాసుకో. పేర్లు చేర్చే దరఖాస్తు కూడా అప్పుడే మీసేవలో పెట్టించు.

"తిండికి ఇబ్బందా?" అంటే ఎవరూ ఔననరు. "ఈ వారం ఎన్ని రాత్రులు పొయ్యి వెలగలేదు? ఆఖరున తిన్నదెవరు, వాళ్లకు ఏం మిగిలింది?" అని అడుగు.

ఇరవై ఇళ్లు 25 కిలోల చొప్పున పోస్తే ఐదు క్వింటాళ్లు. శ్రావణం నుంచి ఆశ్వయుజం దాకా ఇంటికి నెలకు 30 కిలోలిస్తే ఐదిళ్లకే సరిపోతుంది. అందుకే అందరికీ మాటివ్వకు. ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు, భూమి లేనివాళ్లు ముందు. నాగు, అంటే గింజ అప్పుకు గింజగానే కట్టే వడ్డీ, పావు వంతు పెట్టుకోండి: 40 కిలోలు తీసుకుంటే 50 తిరిగివ్వాలి. నాగు అసలే వద్దనడం వినడానికి బాగానే ఉంటుంది గానీ, తరుగు, ఎలుకలు తిన్నది ఎవరు పూడుస్తారు? వాన లేని ఏడు మాత్రం నాగు వదిలేసి, అసలు వచ్చే పంటకు జరపండి. వసూలు కళ్లంలోనే చేయండి, ఇంటికి చేరిన గింజ పాత బాకీల్లోకి పోతుంది. భూమి లేనివాళ్లు కోత కూలి గింజల్లోంచి కొద్దికొద్దిగా తీరుస్తారు. కొలతకు కాటానే వాడు. మానికతో కొలిస్తే, చదును చేసి పోసిందొకటి, కుప్పగా పోసిందొకటి, తగాదా తప్పదు.

నిల్వ చెడితే బ్యాంకే మూతపడుతుంది. జొన్నలు మూడు నాలుగు ఎండలు కాయాలి. పంటికింద టక్కున విరిగితే ఎండినట్టు, నలిగితే ఇంకా తడి ఉన్నట్టు. ఎండలోంచి తీసిన వేడి గింజను వెంటనే సంచికెత్తితే లోపల చెమటపట్టి ముద్ద కట్టి బూజొస్తుంది. నీడలో చల్లారనివ్వు. పాత గోనెలను తిరగేసి మరిగే నీళ్లలో ముంచి ఆరేస్తే పురుగు గుడ్లు చస్తాయి. వేపాకు ఎండింది వేయాలి, పచ్చిదైతే తేమ పెంచుతుంది. సంచులు చెక్కల మీద, గోడకు మూరెడు ఎడంగా పెట్టండి. పదిహేను రోజులకోసారి సంచిలోకి చెయ్యి దోపి చూడు, వెచ్చగా తగిలితే ఆ రోజే ఎండలో పోయాలి.

కందులు వేరు. పుచ్చు చేనులోనే మొదలవుతుంది, కాబట్టి వాటికి ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టాలి, లేదా పప్పు చేసి దాచాలి. పురుగుకని ఎవరైనా విషం గుళికలు తెస్తే ఒప్పుకోకు, ఆ గాలి పక్క గదిలో పడుకున్నవాళ్ల ప్రాణాలు తీస్తుంది. మందు కలిపిన విత్తనాలను కూడా తిండి గింజలున్న గదిలోకి రానివ్వకు. భాద్రపదంలో ఆకలితో ఉన్నవాళ్లకు సంచి మీది రాత చూసే ఓపిక ఉండదు.

మీ పెద్దమ్మ