సోలార్‌కీ భూములు పోతున్నాయి కదా, ప్రకృతికి ఏం మేలు?

"బొగ్గు మానేసి సోలార్‌కి వెళ్దామంటారు, దానికీ వేల ఎకరాలు కావాలి. ఇక ప్రకృతిని కాపాడిందేముంది?" అని అడిగారు. సబబైన ప్రశ్నే. నా జవాబు ఒక్కటే: పలకలు ఎక్కడ పెడతామన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు బొగ్గు లెక్క చూడండి. యూనిట్ కరెంటుకి సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. మన దేశపు బొగ్గులో దాదాపు మూడో వంతు బూడిదే. నెలకి 200 యూనిట్లు వాడే ఇంటికి 140 కిలోల బొగ్గు, అటూ ఇటూగా ఒక సిమెంటు బస్తా బరువు బూడిద. అందులో చాలా భాగం సిమెంటులోకీ ఇటుకల్లోకీ పోతుంది (మా ఇంటి గోడలూ బూడిద ఇటుకలవే, కాదనను). పొగ మాత్రం ఎందులోకీ పోదు.

మాది గొల్లపూడి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం ఇక్కడికి దగ్గరే. మేడ మీద 3 కిలోవాట్లు పెట్టించాం, కేంద్ర ప్రభుత్వ సూర్యఘర్ పథకంలో 78,000 సబ్సిడీ వచ్చింది. ఎండ బాగా కాస్తే రోజుకి పన్నెండు యూనిట్ల దాకా వస్తుంది, ముసురు పడితే సగం కూడా రాదు. వడియాలు పెట్టుకునే చోటు పోతుందని మా అత్తగారు గొణిగారు గానీ, స్టాండు ఎత్తుగా వేయించాక ఆ నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. వేసవిలో హైవే దుమ్ము పలకల మీద పొరలా పేరుకుంటుంది. పొద్దున్నే, అవి వేడెక్కకముందే కడగాలి. బోరు నీళ్లు పోస్తే ఆరాక తెల్లటి చారలు మిగులుతాయి, కుళాయి నీళ్లే మేలు.

అయితే బిల్లు తగ్గింది కదా అని బొగ్గు మానేశామనుకోకండి. రాత్రి ఏసీ వేస్తే ఆ కరెంటు గ్రిడ్ నుంచే వస్తుంది, అందులో ఎక్కువ బొగ్గుదే. పగటి కరెంటుని రాత్రికి దాచుకోవాలి. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది టర్బైన్లకు ఏడు రివర్సిబుల్ రకం, అంటే పగటి కరెంటుతో నీళ్లను వెనక్కి పైకి తోడి, రాత్రి వాటినే వదిలి కరెంటు తీయగలవు. కట్టేసిన డ్యామునే ఇలా వాడుకుంటే కొత్తగా అడవి ముంచక్కర్లేదు.

మీ భయం నిజమయ్యేది గడ్డి మైదానాల దగ్గర. నంద్యాల జిల్లా రోళ్లపాడు ఒకప్పుడు బట్టమేక పిట్టలకు పేరు. ఆ పిట్టకి బరువెక్కువ, ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్నది సరిగా కనపడదు, అందుకే సోలార్ కేంద్రాల నుంచి కరెంటు మోసుకెళ్లే హైటెన్షన్ తీగల్లాంటి వాటికి తగిలి చనిపోతుంది. బంజరు అని రాసుకున్న నేలంతా ఖాళీ నేల కాదు. అదే విశాఖ దగ్గర సింహాద్రిలో బొగ్గు కేంద్రం రిజర్వాయరు మీదే 2021లో 25 మెగావాట్ల తేలే సోలార్ పెట్టారు, సెంటు పొలం పోలేదు. నన్నడిగితే ముందు నీళ్ల మీదా మేడల మీదా పెట్టాలి, ఆ తర్వాతే నేల.

మీది అపార్ట్‌మెంటయితే లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లకు అసోసియేషన్ పేరున పెట్టుకోవచ్చు, దానికి కిలోవాట్‌కి 18,000 సబ్సిడీ ఉంది. వాటర్ ట్యాంకు నీడ పడని చోటు ముందే చూసుకోండి. మీటింగులో గొడవంతా దాని గురించే.