నేను స్టాప్ కొడితే పక్కవాళ్ల సర్వర్ ఆగుతోంది!

ప్రశ్న: ఆఫీసులో ముగ్గురం 8 జీబీ ర్యామ్ ఉన్న ఒకే లైనక్స్ మెషీన్‌లో ఎవరి టామ్‌క్యాట్ (జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్) వాళ్లం నడుపుతున్నాం. నాది 8081 పోర్టుకి మార్చుకున్నాను. అయినా స్టార్ట్ అయినట్టే అయి ఆగిపోతోంది. స్టాప్ కొడితే పక్కవాళ్లది ఆగుతోంది. ముట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది. పైగా ఒకరి అప్లికేషన్‌లో లాగిన్ అయితే మరొకరి దాంట్లో లాగిన్ పోతోంది. ఏం చేయాలి?

జవాబు: మీరు మార్చింది పేజీలు వచ్చే పోర్టును మాత్రమే. టామ్‌క్యాట్ సెట్టింగుల ఫైల్ సర్వర్.ఎక్స్‌ఎంఎల్ తెరిస్తే మొదట్లోనే 8005 అని ఇంకో నంబరు కనిపిస్తుంది. అది ఆపడానికి వాడే పోర్టు. షట్‌డౌన్ అనే మాట దానికి అందితే చాలు, టామ్‌క్యాట్ ఆగిపోతుంది. పంపిందెవరో చూడదు, పాస్‌వర్డ్ అడగదు. మీ ముగ్గురి ఫైళ్లలోనూ 8005 అలాగే ఉండి ఉంటుంది. ముందు స్టార్ట్ చేసినవారికే ఆ పోర్టు దక్కుతుంది. తర్వాత వచ్చినవారి లాగ్‌లో ‘అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అని పడి సర్వర్ ఆగిపోతుంది. మీరు స్టాప్ కొట్టినప్పుడు ఆ మాట వెళ్లేదీ ముందు స్టార్ట్ చేసినవారికే.

ముగ్గురూ తలో నంబరు పెట్టుకున్నా పని నడుస్తుంది. కానీ పదిమంది లాగిన్ అయ్యే మెషీన్‌లో ఆ తలుపు తెరిచి ఉంచడం నాకు ఇష్టం లేదు. 8005 బదులు -1 పెట్టి మూసేయండి. టామ్‌క్యాట్ స్టార్ట్ అయ్యేటప్పుడు చదివే సెట్ఈఎన్‌వీ.ఎస్‌హెచ్ ఫైల్‌లో క్యాటలీనా_పీఐడీకి ఒక ఫైల్ పేరు ఇవ్వండి. మీ సర్వర్ ప్రాసెస్ నంబరు అందులో పడుతుంది. అప్పుడు స్టాప్ స్క్రిప్టు నేరుగా మీ ప్రాసెస్‌కే సిగ్నల్ పంపి ఆపుతుంది. ముగ్గురూ ఒకే యూజర్‌తో నడుపుతుంటే మాత్రం ఇవాళే మానేయండి. వేర్వేరు యూజర్లయితే రూట్ (మెషీన్ అడ్మిన్) తప్ప ఇంకెవరూ మీ ప్రాసెస్‌ను ఆపలేరు.

లాగిన్ పోవడం చూసి చాలామంది కోడ్‌లో తప్పు వెతుకుతూ రోజులు పోగొట్టుకుంటారు. పోర్టు వేరైతే కుకీ (లాగిన్‌ను గుర్తుంచుకోవడానికి బ్రౌజర్ దాచుకునే చిన్న సమాచారం) కూడా వేరనుకుంటాం. బ్రౌజర్ చూసేది హోస్ట్ పేరును, పాత్‌ను (అడ్రస్‌లో ఆ పేరు తర్వాతి భాగం). పోర్టును మాత్రం పట్టించుకోదు. ఒకరి జేసెషన్‌ఐడీ (టామ్‌క్యాట్ ఇచ్చే సెషన్ కుకీ పేరు) మీద మరొకరిది వచ్చి కూర్చుంటుంది. కాంటెక్స్ట్.ఎక్స్‌ఎంఎల్‌లో సెషన్‌కుకీనేమ్ అని చేర్చి తలో పేరు పెట్టుకోండి.

ఇక మెమరీ. పరిమితి చెప్పకపోతే జావా హీప్ (ప్రోగ్రాం డేటాకు జావా వాడే మెమరీ) ర్యామ్‌లో నాలుగో వంతు దాకా పెరగొచ్చు. మీ మెషీన్‌లో మనిషికి 2 జీబీ చొప్పున ముగ్గురికి 6 జీబీ. మిగతా పనులకు ఏం మిగులుతుంది? అదే సెట్ఈఎన్‌వీ ఫైల్‌లో ఎక్స్‌ఎంఎక్స్ ఆప్షన్‌తో 1 జీబీకి కట్టడి చేసి, అప్లికేషన్‌కు అది చాలుతుందేమో చూడండి.