హైస్కూలులో తొలి ఏడాది: తల్లిదండ్రుల ప్రశ్నలు, టీచరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆరో తరగతిలో అడుగుపెట్టిన పిల్లల తల్లిదండ్రులు రాసినవే. హైదరాబాదు నగరంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు బోధించి పదవీ విరమణ చేసినదాన్ని గనుక, జూన్ నెలలో ఆ పిల్లలు తరగతి గుమ్మం దగ్గర ఏ ముఖంతో నిలబడతారో నాకు బాగా తెలుసు. మూడు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటి ఉత్తరంలోని సంగతే మరికొందరు కూడా అడిగారు కనుక దానికి విపులంగా జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారాలు. మాది బోరబండ. నేను ఇంట్లో మిషను కుడతాను, మావారు ఆటో నడుపుతారు. మా బాబు బస్తీలోని ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి పూర్తి చేశాడు. ఈ జూన్‌లో ప్రభుత్వ హైస్కూలులో ఆరో తరగతిలో చేర్పించాము. ఇంటికి రాగానే బడి కబుర్లన్నీ చెప్పే పిల్లవాడు ఇప్పుడు సంచి మూలకు పడేసి మౌనంగా కూర్చుంటున్నాడు. ఏడాదిలో మొదట పెట్టే చిన్న పరీక్ష ఎఫ్‌ఏ-1లో లెక్కల్లో 20కి 9 మార్కులే వచ్చాయి. నోటుబుక్కు తేలేదని రెండుసార్లు నిలబెట్టారట. నేను ఏడో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను, వాడిది ఇంగ్లీషు మీడియం. ట్యూషన్ పెట్టించమని ఇరుగుపొరుగువారు అంటున్నారు. నా చదువుతో నేను వాడికి ఏమి చేయగలను?
- ఒక తల్లి, బోరబండ

జవాబు: అమ్మా, మీరు మార్కుల కంటే ముందు పిల్లవాడి మౌనం గురించి రాశారు. మీ దృష్టి పడవలసిన చోటే పడింది. ఏప్రిల్ వరకు బాగా చదివిన పిల్లవాడి తెలివి వేసవి సెలవుల్లో ఎక్కడికీ పోదు. వాడి రోజు మారింది, ఆ రోజును నడుపుకోవడం వాడికింకా చేతకావడం లేదు. నిన్నటి బడిలో ఒకరో ఇద్దరో టీచర్లు తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం అన్నీ చెప్పేవారు. ఇప్పుడు హిందీ కొత్తగా వచ్చింది, పరిసరాల విజ్ఞానం సైన్సుగా, సోషల్‌గా విడిపోయింది, ఆరు సబ్జెక్టులకు ఆరుగురు టీచర్లు వచ్చారు. గంట కొట్టగానే ఒకరు వెళ్లి మరొకరు వస్తారు, ఒక్కొక్కరిది ఒక్కొక్క పద్ధతి. ఒకరు మార్జిను గీయకపోతే ఒప్పుకోరు, ఒకరు రఫ్ నోట్సు వేరుగా ఉండాలంటారు, మరొకరు మంగళవారం నాడు మాత్రమే నోట్సు దిద్దుతారు. ఇవన్నీ పదేళ్లు దాటీ దాటని పిల్లవాడు ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే గుర్తుపెట్టుకోవాలి.

మరొక నష్టం పైకి కనిపించదు. పాత బడిలో టీచరుకు వాడి పేరు, మీ ఇల్లు, మీ మిషను కూడా తెలిసి ఉంటాయి. నాకు ఏటా నాలుగైదు సెక్షన్లు ఉండేవి. ఆరో తరగతి పిల్లలందరి పేర్లు తడుముకోకుండా పిలవగలిగేసరికి దసరా సెలవులు వచ్చేసేవి. అంతవరకు ఆ పిల్లలు తమను ఎవరూ ఎరగని చోట కూర్చుని ఉన్నారన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఈ విషయంలో నా మీద నాకు ఇప్పటికీ అసంతృప్తి ఉంది.

ఈ రోజే వాడి టైంటేబుల్‌ను వాడి చేతే పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాయించి, మీ మిషనుకు ఎదురుగా గోడకు అంటించండి. రాత్రి అన్నాలయ్యాక మీరు మరుసటి రోజు పీరియడ్లు వరుసగా చదవండి, వాడు ఒక్కొక్క పుస్తకం తీసి సంచిలో పెట్టుకుంటాడు. సంచి మీరు సర్దవద్దు. మీరు సర్దితే మరచిపోయిన పుస్తకం మీ తప్పవుతుంది, వాడికి ఏమీ అలవడదు. సబ్జెక్టుకొక రంగు అట్ట వేస్తే వెతుకులాట తగ్గుతుంది. నిలబెడతారన్న భయంతో చాలామంది పిల్లలు పుస్తకాలన్నీ రోజూ మోస్తారు. మన తెలంగాణ ప్రభుత్వం 2017లోనే ఆరు, ఏడు తరగతుల సంచి బరువు 4 కిలోలు దాటకూడదని నిర్ణయించింది, కనుక ఒకసారి కిరాణా కొట్టు తూకంలో పెట్టి చూడండి. మూడు వారాల తర్వాత మీరు చదవడం మానేసి, సర్దుకున్నావా అని మాత్రం అడగండి. ఆ తర్వాత అదీ అడగనవసరం లేదు.

ఇక ఆ 9 మార్కుల సంగతి. ఎఫ్‌ఏ పరీక్షలోని 20 మార్కులు ఒక్క ప్రశ్నపత్రానికి ఇచ్చేవి కావు. తరగతిలో పాల్గొనడానికి, రాతపనికి, ప్రాజెక్టుకు, స్లిప్ టెస్టు అనే చిన్న రాత పరీక్షకు 5 చొప్పున ఇస్తారు. వాడికి ఎక్కడ పోయాయో లెక్కల టీచరును అడిగి తెలుసుకోండి. నోటుబుక్కు తీసుకురాని పిల్లవాడికి రాతపనిలో మార్కులు పోయి ఉండవచ్చు, కొత్త చోట నోరు విప్పని పిల్లవాడికి పాల్గొనడంలో పోయి ఉండవచ్చు. అదే నిజమైతే లెక్కలు రాకపోవడం అనే జబ్బే లేదు. స్లిప్ టెస్టులోనే పోయి ఉంటే ఏ పాఠమో చూడాలి. ఆరో తరగతిలో సున్నా కంటే చిన్నవైన సంఖ్యలు, అంకెకు బదులు అక్షరం పెట్టి చేసే లెక్కలు మొదటిసారి ఎదురవుతాయి. ఇవి ఎవరినైనా ఒక్కసారి తికమక పెడతాయి.

మీ చదువు గురించి మీరు వెనుకాడనక్కరలేదు. 2022-23 విద్యా సంవత్సరంలో సర్కారు బడుల్లో ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టినప్పుడు లెక్కలు, సైన్సు, సోషల్ పుస్తకాలను రెండు భాషల్లో అచ్చు వేశారు. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. మరుసటి రోజు చెప్పబోయే పాఠంలో రెండు పుటలు ముందురోజు రాత్రే తెలుగులో మీరు పైకి చదవండి, వాడు పక్కన కూర్చుని ఇంగ్లీషు పుటలో అదే మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపాలి. మర్నాడు తరగతిలో ఆ ఇంగ్లీషు మాట వినబడినప్పుడు దాని అర్థం వాడికి ముందే తెలిసి ఉంటుంది. భిన్నాలకైతే మీ టేపు చాలు. అంగుళంలో అర, పావు, అరపావు మీ చేతికి తెలిసినంతగా చాలామంది పట్టభద్రులకు తెలియవు. వాడి చొక్కా కొలతలు వాడి చేతనే తీయించి కూడించండి. బస్తీలో హిందీ వింటూ పెరిగిన పిల్లవాడికి మాట వస్తుంది, లిపి దగ్గర ఆగుతాడు. రోజూ పది నిమిషాలు దుకాణాల బోర్డుల మీద ఉన్న హిందీ అక్షరాలు చదివించినా అది కుదుటపడుతుంది.

వాడు గుమ్మంలోకి రాగానే బడిలో ఏం జరిగిందని అడగకండి. ముందు తిననివ్వండి. తర్వాత మీరు కుడుతూ ఉన్నప్పుడు, ముఖంలోకి చూడకుండా, ఈ రోజు మధ్యాహ్న భోజనం ఎవరి పక్కన కూర్చుని తిన్నావని అడగండి. వారం రోజులు వరుసగా ఎవరి పేరూ చెప్పకపోతే, మార్కులకంటే ముందు చూడవలసిన విషయం అదే. పాత బడి నుంచి వచ్చినవాళ్లెవరైనా వేరే సెక్షనులో ఉంటే ఆదివారం ఇంటికి పిలవండి.

తర్వాత క్లాస్ టీచరును కలవండి. హాజరు, చదువులో పురోగతి గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై తెలియజేయడం ఉపాధ్యాయుల విధి అని 2009 నాటి విద్యా హక్కు చట్టం 24వ సెక్షను చెబుతోంది, కనుక మీరు అడగడం వారిని ఇబ్బంది పెట్టడం కాదు. పాత బడిలో బాబు ఎలా ఉండేవాడో రెండు మాటలు చెప్పి, వాడిని పేరు పెట్టి పిలిచి ఏదైనా చిన్న పని అప్పగించమని కోరండి. డస్టరు తెచ్చే పని దొరికిన పిల్లవాడు వారంలో తలెత్తి కూర్చోవడం నేను చాలాసార్లు చూశాను.

ట్యూషన్ సంగతి ఎస్‌ఏ-1, అంటే అర్ధ సంవత్సర పరీక్ష అయ్యేవరకు ఆపండి. ఏడో టీచరు, ఏడో పద్ధతి ఇప్పుడు వాడికి మరో బరువు.

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో కర్రీ పాయింటు నడుపుతున్నాను. మా అబ్బాయి ప్రైవేటు పాఠశాలలో ఆరో తరగతి. ఈ ఏడాది ఐఐటీ ఫౌండేషన్ సెక్షనులో వేయించి అదనపు ఫీజు కట్టాను. సాయంత్రం ఆరు గంటలకు వస్తాడు, వెంటనే ట్యూషన్, తర్వాత రాత్రి పదకొండు వరకు హోమ్‌వర్కు, మళ్లీ ఉదయం ఆరుకే లేస్తాడు. నెల రోజులుగా ప్రతి సోమవారం ఉదయం కడుపునొప్పి అంటున్నాడు. డాక్టరు పరీక్షించి ఏమీ లేదన్నారు. నాటకమని నేను, కాదని నా భార్య వాదించుకుంటున్నాము. ఇప్పుడు మాన్పిస్తే వెనుకబడిపోడా?
- ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: సోదరా, మీ భార్య గారి మాట నిజం. దిగులుతో, భయంతో పిల్లలకు వచ్చే కడుపునొప్పి నిజంగా నొప్పే. పరీక్షలో జబ్బు కనబడకపోయినా వాడికి బాధ ఉంటుంది. డాక్టరుకు ముందుగా చూపించి మంచి పని చేశారు. నొప్పి మళ్లీ మళ్లీ వస్తున్నా, బరువు తగ్గినా, రాత్రి నిద్రలో లేచినా మరోసారి చూపించండి. ఇప్పుడు సోమవారం టైంటేబుల్ ముందు పెట్టుకుని, ఏ పీరియడు అంటే వాడికి గుండె జారుతోందో మెల్లగా తెలుసుకోవాలి. వారాంతపు పరీక్ష మార్కులు సోమవారం చదివి వినిపిస్తారేమో, ఎవరైనా కొడుతున్నారేమో, నలుగురిలో చులకన చేస్తున్నారేమో అడగండి. కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ విద్యా హక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది. ప్రైవేటు పాఠశాలలకూ అది వర్తిస్తుంది. అటువంటిది జరిగితే ప్రిన్సిపాలుకు రాతపూర్వకంగా ఇవ్వండి.

ఐఐటీల్లో ప్రవేశానికి రాసే జేఈఈ పరీక్షను ఇంటర్మీడియట్ రెండేళ్ల స్థాయి పాఠాల నుంచి ఇస్తారు. ఆరో తరగతి పిల్లవాడికి దానికి కావలసిన పునాది వాడి మామూలు లెక్కల పుస్తకంలోనే ఉంది. భిన్నాలు, నిష్పత్తి, ఋణ సంఖ్యలు నిదానంగా, అర్థమయ్యేవరకు చేసిన పిల్లవాడు తర్వాత భౌతికశాస్త్రంలో నిలబడతాడు. వాటిని పరుగున దాటించి పై తరగతి సూత్రాలు బట్టీ పట్టించిన పిల్లలను తొమ్మిదో తరగతిలో నేను తిరిగి భిన్నాల నుంచి మొదలుపెట్టించవలసి వచ్చింది. ఈ వయసులో ఫౌండేషన్ పేరిట పిల్లల సాయంకాలాలు తీసుకోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

2020లో కేంద్రం ప్రకటించిన పాఠశాల సంచి విధానం ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు హోమ్‌వర్కు రోజుకు ఒక గంటకు మించకూడదు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని నిద్రా వైద్య నిపుణులు చెబుతారు. మీ లెక్క ప్రకారమే మీ అబ్బాయి ఏడు గంటలు పడుకుంటున్నాడు. కాబట్టి మొదట ట్యూషన్ ఈ వారమే ఆపండి. తర్వాత, ఫౌండేషన్ సెక్షను నుంచి మామూలు సెక్షనుకు మార్చమని పాఠశాలను అడగండి. కట్టిన ఫీజు తిరిగి రాకపోవచ్చు. ఆ డబ్బు గిట్టుబాటు కావాలని పిల్లవాడిని ఏడాదంతా అందులోనే ఉంచితే నష్టం పెరుగుతుంది. సాయంత్రాలు మీ దుకాణం రద్దీ వేళలు గనుక ఇంట్లో ఉండలేరని తెలుసు. ఉదయం బడికి మీరే దింపండి. బండి మీద వెనక కూర్చున్న పిల్లవాడు ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్పనివి చెబుతాడు.

ప్రశ్న: మాది ఉప్పల్. మా పాప ఆరో తరగతికి తార్నాకలోని బడిలో చేరింది. ఇకపై సిటీ బస్సులో ఒంటరిగా వెళ్లాలి. ఫోను కొనివ్వాలా?
- ఒక తల్లి, ఉప్పల్

జవాబు: అమ్మా, ఫోను కంటే ముందు దారి నేర్పండి. మొదటి వారం పాపతో కలిసి వెళ్లండి. రెండో వారం అదే బస్సులో మీరు వెనక కూర్చోండి, ఎక్కడ దిగాలో తనే చూసుకోవాలి. మూడో వారం స్టాపు దగ్గర ఎదురుచూడండి. రింగు రోడ్డు దాటడమే ఈ ప్రయాణంలో అన్నింటికంటే ప్రమాదకరమైన భాగం, అక్కడ మాత్రం మరికొన్ని వారాలు చేయి పట్టుకోవడానికి సంకోచించకండి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో బాలికలకూ మహిళలకూ ప్రయాణం ఉచితం, అయినా గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకోవాలి. ఆధారు కార్డు సంచిలో ఉంచండి. మెట్రో రైలుకు ఈ సౌకర్యం లేదు కనుక విడిగా కొంత చిల్లర కూడా పెట్టండి.

ఫోనుకు బడి అనుమతిస్తుందో లేదో ముందు కనుక్కోండి. ఇచ్చినా మాట్లాడటానికి మాత్రమే పనికివచ్చే చిన్న ఫోను చాలు. మీ నంబరు, మరొక దగ్గరివారి నంబరు, పిల్లల సహాయానికి 1098, అత్యవసరానికి 112 పాపకు నోటికి వచ్చి ఉండాలి. ఫోను లేనప్పుడు కండక్టరును అడిగి ఎలా మాట్లాడాలో ఇంట్లో ఒకసారి ఆడి చూపించండి.

మీరు అడగకపోయినా ఒక మాట చెబుతాను. ఈ వయసులో కొందరు పాపలకు నెలసరి మొదలవుతుంది. అది బస్సులోనో తరగతిలోనో ముందు తెలియకుండా వస్తే పిల్ల హడలిపోతుంది. ఈ ఆదివారమే తనతో విడిగా కూర్చుని చెప్పండి, సంచిలో ఒక చిన్న గుడ్డ పర్సులో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు పెట్టండి, బడిలో ఏ టీచరు దగ్గరకు వెళ్లవచ్చో పాపనే అడిగి ఆ టీచరుతో మీరు ముందుగా మాట్లాడి ఉంచండి.